పాతిక మంది, పదిహేను వందలు

వంటింట్లో ఉండి రేడియో వింటున్నవాళ్లు ఒక కాగితం, కలం దగ్గర పెట్టుకుంటే మంచిది. ఈ ప్రసంగంలో రుచులతో పాటు లెక్కలూ వస్తాయి.

విజయవాడలో ఒక ఇల్లు అనుకుందాం. అద్దెకున్న రెండు గదుల పోర్షను, పైన డాబా. ఇంటాయన మెకానిక్ షెడ్డులో పనిచేస్తాడు. ఇల్లాలు ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. వచ్చే ఆదివారం పిల్లవాడి ఎనిమిదో పుట్టినరోజు. వాడి స్నేహితులు పన్నెండు మంది, పక్క పోర్షన్ల వాళ్లు, మేనత్త కుటుంబం, ఇంట్లోవాళ్లు, అందరూ కలిపి పాతిక మంది. కేకు ఖర్చు మేనత్త తన మీద వేసుకుంది. మిగతా పలహారాలకు ఆ ఇల్లాలు పక్కన పెట్టగలిగింది పదిహేను వందలు.

ఇంటాయన బేకరీకి వెళ్లి ధరలు కనుక్కొచ్చాడు. మనిషికి ఒక పఫ్ ఇరవై, ఒక సమోసా పదిహేను, ఒక స్వీటు ముక్క ఇరవై, చిప్స్ పొట్లం పది, గ్లాసుడు కూల్‌డ్రింకు పదిహేను. మొత్తం ఎనభై. పాతిక మందికి రెండు వేలు. చేతిలో ఉన్నదాని కంటే ఐదువందలు ఎక్కువ.

"ఏవండీ, ఇందులో ఎవరైనా ఇంకోటి అడిగితే?" అందావిడ. ఆయన దగ్గర జవాబు లేదు. పాతిక మందికి పాతిక పఫ్‌లు తెస్తే ఇరవై ఆరో పఫ్ ఉండదు. మేనత్త తన ఇద్దరు పిల్లలతో పాటు పక్కింటి పిల్లను కూడా వెంటబెట్టుకొస్తే, ఎవరి పళ్లెంలోంచి తీసి ఎవరికి పెట్టాలి?

పుట్టినరోజు విందు ఖర్చు తడిసి మోపెడయ్యేది ఇక్కడే. పలహారాన్ని ముక్క లెక్కన కొంటే ఒక ధర, కిలో లెక్కన కొంటే మరో ధర. చిప్స్ సంగతే చూడండి. పది రూపాయల పొట్లం తిరగేసి దాని మీద అచ్చు వేసిన బరువు చదివితే చాలావాటిలో ఇరవై, పాతిక గ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది. అంటే కిలో నాలుగైదు వందలు పడుతోందన్నమాట. బజారులో బంగాళాదుంపలు కిలో ముప్ఫై రూపాయలకు దొరుకుతున్న రోజుల్లో ఇది. గ్రాముకో కిలోకో ఎంత పడుతుందన్నది కూడా పొట్లం మీద ముద్రించాలని ఇప్పుడు తూనికలు కొలతల నిబంధన ఉంది. చిన్న అక్షరాల్లో ఉంటుంది కాబట్టి దాన్ని చదివేవాళ్లు తక్కువ. 2025 సెప్టెంబరు 22 నుంచి పొట్లాల్లో అమ్మే మిక్చరు, భుజియా లాంటి వాటి మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. మంచిదే. అయినా పొట్లం పొట్లమే. కిలో లెక్కన కొన్న శనగలతో అది పోటీకి నిలవదు.

ఆ ఇల్లాలు అత్తగారి దగ్గర కూర్చుని సలహా అడిగింది.

"బొమ్మల కొలువు పేరంటానికి నలభై మందిని పిలిచేదాన్నమ్మాయ్. ఒక్కదానికీ షాపు మెట్లెక్కలేదు," అందామె. "అయితే ఇప్పుడు శనగలు, మరమరాలు పెడితే ఏమనుకుంటారో మరి."

పెద్దావిడ రెండు మాటల్లోనూ నిజముంది. మొదటిది అనుభవం, రెండోది భయం. ముందు అనుభవం సంగతి చూద్దాం.

తెలుగిళ్లలో ఊరందరినీ పిలిచి తక్కువ ఖర్చుతో పలహారం పెట్టే పద్ధతి కొత్తది కాదు. శ్రావణ మంగళవారం నోముకు ముత్తయిదువలకు వాయనంగా ఇచ్చేది నానబెట్టిన శనగలు. శ్రీరామనవమి పందిట్లో ఎంతమంది వచ్చినా సరిపోయేలా పంచేది పానకం, వడపప్పు. వడపప్పుకు పొయ్యి కూడా అక్కర్లేదు. పెసరపప్పు నానబెట్టి కొబ్బరి, మామిడి తురుము కలిపితే చాలు. దసరా రోజుల్లో గుళ్లో దొన్నెలో పెట్టే గుగ్గిళ్లు అందరికీ తెలిసినవే. తెలంగాణలో సద్దుల బతుకమ్మ నాడు ఒక్కో ఇల్లాలు ఒక్కో రకం సద్ది కట్టుకొస్తుంది. ఒకరిది పెరుగన్నం, ఒకరిది చింతపండు పులిహోర, ఒకరిది నువ్వుల పొడి, ఒకరిది మలీద ముద్దలు. బతుకమ్మను నీళ్లలో వదిలాక చెరువుగట్టునే అందరివీ కలిపి పంచుకుంటారు. ఏ ఒక్క ఇంటి మీదా భారం పడదు, ప్రతి చేతిలోనూ నాలుగు రుచులుంటాయి. అమెరికాలో తెలుగువాళ్లు పాట్‌లక్ అని పిలుచుకుంటున్నది సరిగ్గా ఇదే.

ఈ పలహారాలన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి కనిపిస్తుంది. నానితే పెరిగేవి, వేగితే పొంగేవి, ఎండుగా నిలవుండేవి వీటిలో ఎక్కువ. కిలో శనగలు రాత్రంతా నాని, ఉడికేసరికి రెండు కిలోలు దాటుతాయి. బియ్యం మరమరాలైతే బస్తా కనబడుతుంది, బరువు కనబడదు. కాబట్టి పాతిక మంది పళ్లేన్ని నాలుగు గడులుగా విడగొట్టుకోవడం తేలిక. తడి, పొడి, వేడి, తీపి. ఒక్కో గడిలో ఒక్కటే రకం. కాగితం మీద ఈ నాలుగు మాటలూ రాసుకోండి, ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది తడి. అంటే గుగ్గిళ్లు. తెలంగాణలో వీటినే గుడాలు అంటారు. శనగలే కానక్కర్లేదు. బొబ్బర్లు, పెసలు, ఉలవలు ఏవైనా సరే. చలికాలంలో చిత్తూరు, అనంతపురం వైపైతే పచ్చి అనపగింజలు దొరుకుతాయి, వాటి రుచి వేరు. మన ఇల్లాలు నల్ల శనగలు తీసుకుంది. కిలో వంద రూపాయలు. ఇక్కడొక మాట. ఈ ప్రసంగంలో చెప్పే ధరలన్నీ ఉజ్జాయింపే, ఊరిని బట్టీ నెలను బట్టీ మారతాయి. మీ వీధి కిరాణా కొట్టు ధర వేసుకుని లెక్క తిరగరాసుకోండి.

శనివారం రాత్రి పడుకోబోయే ముందు శనగలు కడిగి, మూడింతల నీళ్లు పోసి నానబెట్టాలి. ఎనిమిది గంటలు తగ్గకూడదు. గిన్నె పెద్దది తీసుకోవాలి, లేకపోతే తెల్లారేసరికి శనగలు నీళ్లన్నీ తాగేసి పైకి తేలి ఉంటాయి. ఆదివారం సాయంత్రం నాలుగింటికి కుక్కరులో ఉప్పేసి ఐదారు విజిల్స్ రానివ్వాలి. వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా నలగాలి, తోలు మాత్రం ఊడకూడదు. వార్చిన నీళ్లు పారబోయకండి, రాత్రికి చారు పెట్టుకోవచ్చు. ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువతో తాలింపు, దించాక నిమ్మరసం, వడ్డించేటప్పుడు పైన ఒక చిప్ప కొబ్బరి తురుము. కొబ్బరికాయ నలభై, తాలింపు సరుకులు ఇరవై కలుపుకుంటే ఈ గడికి మొత్తం నూట అరవై. మనిషికి ఎనభై గ్రాములు వస్తుంది. శనగల్లో మాంసకృత్తులు దండిగా ఉంటాయి కనుక పిల్లవాడు ఇంటికి వెళ్లి అన్నం తినకపోయినా వాళ్లమ్మ కంగారు పడనక్కర్లేదు.

రెండోది పొడి. రాయలసీమలో బొరుగులు, కోస్తాలో మరమరాలు. విజయవాడ, గుంటూరు వీధుల్లో పెరిగినవాళ్లకు దీని ముద్దుపేరు పిడత కింద పప్పు. బండివాడు మరమరాల గుట్ట మీద నిప్పులు వేసిన చిన్న మట్టి పిడత పెట్టేవాడు. ఆ వేడికి కిందున్న సరుకు మెత్తబడకుండా కరకరలాడేది. ఆ పిడత మీదుగా వచ్చిందే ఈ పేరు. పాతిక మందికి ముప్పావు కిలో మరమరాలు చాలు. అరవై రూపాయలు. నాలుగువందల గ్రాముల పల్లీలు అరవై, పావుకిలో పుట్నాలు ముప్ఫై, పావుకిలో కారప్పూస అరవై, ఉల్లి, టమాటా, కొత్తిమీర, నిమ్మకాయలకు మరో అరవై. మొత్తం రెండువందల డెబ్బై.

ఈ రకానికి శత్రువు తేమ. చాలామంది చేసే పొరపాటు, చుట్టాలు వచ్చేలోపే పనైపోతుందని ఉల్లి, టమాటా ముందుగా కలిపేయడం. పది నిమిషాల్లో మరమరాలు నీళ్లు పీల్చి తోలులా సాగుతాయి, ఆ తరవాత ఏం చేసినా లాభం లేదు. మన ఇల్లాలు పొడి సరుకంతా పొద్దున్నే చిటికెడు పసుపు, కారం, రెండు చెంచాల నూనెతో దోరగా వేయించి మూత బిగించిన డబ్బాలో పెట్టింది. తరిగిన ఉల్లి, టమాటా వేరే గిన్నెలో ఉన్నాయి. కలిపేది మనుషుల ముందే, ఐదారు దొన్నెలకు సరిపడా ఒక్కోసారి. పిల్లలు అది చూడ్డానికే చుట్టూ మూగుతారు. నాకు ఉల్లిపాయ వద్దు, నాకు కారం వద్దు అనేవాళ్ల మాటా అక్కడే చెల్లుతుంది.

ఒక జాగ్రత్త. నాలుగేళ్లలోపు చిన్నపిల్లలకు పల్లీలు, శనగలు, పేలాల్లాంటివి గింజలు గింజలుగా ఇవ్వకూడదని పిల్లల వైద్యులు చెబుతారు. నవ్వుతూ, పరిగెడుతూ తింటుంటే గింజ ఊపిరి గొట్టంలోకి జారుతుంది. చంటిపిల్లలతో వచ్చినవాళ్లకు ముందు రోజే నాలుగు మెత్తని ఇడ్లీలు ఎక్కువ అనుకుని పెట్టుకోవాలి. పల్లీలు పడనివాళ్లు ఎవరైనా ఉన్నారా అని పిలిచేటప్పుడే తల్లులను అడగడం ఇంకా మంచిది.

ఇక మూడోది వేడి. పళ్లెంలో ప్రాణమంతా ఇక్కడే ఉంది. ఖర్చూ ఇక్కడే ఉంది. ఇంటాయన సమోసాలు కావాలన్నాడు, పిల్లవాడు పునుగులు కావాలన్నాడు, అత్తగారు గారెలు లేకపోతే ఏం పుట్టినరోజు అంది. ఇల్లాలు ఎవరి మాటా కాదనలేదు, ఎవరి మాటా వినలేదు. బజ్జీలు అంది. కారణం సులువు. ఒకే పిండి, రెండు రకాలు. పెద్దవాళ్లకు మిరపకాయ, పిల్లలకు అరటికాయ. రుబ్బే పని లేదు, మడిచే పని లేదు. ఇంట్లో పులిసిన ఇడ్లీ పిండి మిగిలి ఉంటే పునుగులే చవక అన్నది నిజమే. అనంతపురం, కర్నూలు వైపు ఇళ్లలో అయితే ఉగ్గాణి పక్కన ఈ బజ్జీలే పెడితే అది సగం భోజనం.

పావుకిలో శనగపిండికి పదిహేను మిరపకాయలు లేస్తాయి. కిలో పిండితో ముప్ఫై మిరపకాయ బజ్జీలు, అరటికాయ ముక్కల బజ్జీలు యాభై దాకా వస్తాయి. పిండి నూట పది, మిరపకాయలు, అరటికాయలు కలిపి వంద, వాము, సోడా, పైన చల్లే ఉల్లి, నిమ్మ ముప్ఫై, రెండు లీటర్ల నూనె మూడువందలు. మొత్తం ఐదువందల నలభై. పదిహేను వందల్లో మూడోవంతు పైనే ఈ ఒక్క గడిదే. అందులోనూ సగం కంటే ఎక్కువ నూనెది.

నూనె ధర మన వంటింట్లో నిర్ణయం కాదు. దేశంలో వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి దేశాల నుంచి ఓడల్లో వస్తుంది. 2024 సెప్టెంబరులో ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద దిగుమతి సుంకాన్ని కేంద్రం సున్నా నుంచి 20 శాతానికి పెంచింది. 2025 మే నెలాఖరున 10 శాతానికి తగ్గించింది. పామాయిల్ తోటలకు పేరున్న గోదావరి జిల్లాల పక్కనే ఉన్నా, విజయవాడ ఇల్లాలి మూకుట్లో నూనె ధర ఆ సుంకంతో పాటే ఎక్కి దిగుతుంది. కాబట్టి ఆమె చేతిలో ఉన్నదల్లా బజ్జీ తాగే నూనెను తగ్గించడం.

దానికి చెవులు కావాలి. ఇది రేడియో కాబట్టి ఈ సంగతి కాస్త నిదానంగా చెప్పుకోవచ్చు. మూకుడులో నూనె కాగిందా లేదా అని చూడ్డానికి చిటికెడు పిండి వేస్తాం కదా. అది అడుగుకు పోయి అక్కడే కూర్చుంటే నూనె ఇంకా చల్లగా ఉంది. వేసీ వేయగానే నల్లబడితే మరీ కాగింది. కిందికి మునిగి, వెంటనే చుట్టూ బుడగలతో పైకి తేలితే సరిగ్గా ఉంది. అది దాదాపు 170 నుంచి 180 డిగ్రీల వేడి. అప్పుడు బజ్జీ జారవిడిస్తే చుర్రుమని గట్టిగా చప్పుడవుతుంది. ఆ చప్పుడు పిండిలోని నీళ్లు ఆవిరై బయటికి తన్నుకొస్తున్న చప్పుడు. ఆవిరి బయటికి తోస్తున్నంతసేపూ నూనె లోపలికి పోలేదు. చల్లటి నూనెలో వేసిన బజ్జీకి ఆ బలం ఉండదు, అందుకే అది నూనె తాగి బరువెక్కుతుంది. వేగేకొద్దీ నీరు తగ్గి చప్పుడు సన్నబడుతుంది. జోరువాన చినుకులుగా మారినట్టు వినిపించినప్పుడు తీయడానికి వేళైంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. బజ్జీ తాగే నూనెలో ఎక్కువ భాగం మూకుడులో ఉన్నప్పుడు తాగేది కాదు, బయటికి తీసి చల్లారుతున్నప్పుడు తాగేది. లోపలి ఆవిరి చల్లబడి, పైన అంటుకున్న నూనెను లోనికి లాగేసుకుంటుంది. అందుకే చిల్లుల గరిటెతో తీసిన బజ్జీలను మూకుడు అంచు మీద ఒక్క క్షణం వాలుగా పట్టి ఉంచాలి, జల్లెడలో పరవాలి. గుట్టగా పోయకూడదు. ఒక్కో వాయిలో ఏడెనిమిది మించి వేయకూడదు, వేస్తే నూనె చల్లబడుతుంది. పిండిలో గుప్పెడు బియ్యప్పిండి కలిపితే కరకర నిలుస్తుంది. ఇవన్నీ పాటిస్తే రెండు లీటర్లలో సగానికి సగం మిగులుతుంది.

మిగిలిన నూనెను చల్లార్చి, పలచటి గుడ్డలో వడగట్టి, రెండు మూడు రోజుల్లో తాలింపులకు వాడేయాలి. మళ్లీ మళ్లీ బజ్జీలకు కాచకూడదు. కాచిన నూనెలో పోలార్ సమ్మేళనాలనే విరిగిపోయిన పదార్థాలు 25 శాతం దాటితే దాన్ని వాడకూడదని భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018 జులై 1 నుంచి నిబంధన పెట్టింది. అది హోటళ్లకూ మిఠాయి దుకాణాలకూ. ఇంట్లో మీటరు ఉండదు గనక, నూనె ముదురు రంగులోకి తిరిగి, నురగ కట్టి, త్వరగా పొగలు వస్తుంటే దాని పని అయిపోయినట్టే.

బజ్జీలను వార్తాపత్రిక మీద వేసే అలవాటు కూడా మానుకోవాలి. అచ్చు సిరా వేడి నూనెకు కరిగి తిండిలోకి దిగుతుందని అదే సంస్థ 2016 డిసెంబరులోనే హెచ్చరించింది. శుభ్రమైన పాత నూలు చీర ముక్క ఉంటే అంతకంటే బాగా పనిచేస్తుంది.

నాలుగోది తీపి. కేకు ఎలాగూ ఉంది కనక ఇది చిన్నదైనా చాలు. అరకిలో బొంబాయి రవ్వ పాతిక రూపాయలు, నాలుగువందల గ్రాముల పంచదార ఇరవై, వంద గ్రాముల నెయ్యి డెబ్బై, ఎండుకొబ్బరి, నాలుగు జీడిపప్పులు, యాలకులు నలభై, కాసిని పాలు పది. నూట అరవై ఐదు. నిమ్మకాయంత ఉండలు ముప్ఫై వస్తాయి. శనివారం రాత్రి శనగలు నానబెట్టి, ఆ చేత్తోనే రవ్వలడ్డు చుట్టేస్తే ఆదివారం ఒక పని తగ్గుతుంది. ఇంకా చవకలో కావాలంటే వేయించిన పల్లీలు, బెల్లం కలిపి దంచి ఉండలు చుట్టుకోవచ్చు. నెయ్యి ఖర్చు మిగులుతుంది.

దాహానికి నిమ్మరసం. డజను నిమ్మకాయలు అరవై, అరకిలో పంచదార పాతిక. చిటికెడు ఉప్పు పడితే నాలుగు లీటర్ల షర్బత్తు పాతిక గ్లాసులకు సరిపోతుంది. ఎండాకాలంలో నిమ్మకాయ ధర కొండెక్కినప్పుడు అల్లం, కరివేపాకు నలిపి వేసిన మజ్జిగ ఉండనే ఉంది. ఐసు మాత్రం తాగే నీళ్లతో ఇంట్లోనే గడ్డకట్టించుకోవాలి.

పళ్లేలు కూడా లెక్కలోకి వస్తాయి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్, థర్మకోల్ పళ్లేలు, కప్పులు, చెంచాలు, బెలూన్లకు గుచ్చే ప్లాస్టిక్ పుల్లలు 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం. పాతిక ఆకు పళ్లేలు, పాతిక దొన్నెలు వంద రూపాయలకు అటూ ఇటూగా వస్తాయి. ఆంధ్ర ఏజెన్సీ నుంచి వచ్చే అడ్డాకు విస్తళ్లు, తెలంగాణలో మోదుగాకు ఇస్తార్లు కుట్టేది ఎక్కువగా గిరిజన మహిళలే. ఆ వంద రూపాయల్లో కొంతైనా వాళ్ల చేతికి చేరుతుంది.

ఇప్పుడు కూడిక. తడి నూట అరవై, పొడి రెండువందల డెబ్బై, వేడి ఐదువందల నలభై, తీపి నూట అరవై ఐదు, షర్బత్తు ఎనభై ఐదు, పళ్లేలు వంద. అంతా కలిపి పదమూడు వందల ఇరవై. పదిహేను వందల్లో ఇంకా నూట ఎనభై ఉంది. అందులో గ్యాసు ఖర్చు పోను మిగిలింది, పిలవని చుట్టం వస్తే పనికొచ్చే మరో అరకిలో శనగపిండి.

వండటం ఒక ఎత్తయితే వడ్డించే వరస మరో ఎత్తు. అందరూ రాగానే బజ్జీల పళ్లెం తెచ్చి మధ్యలో పెడితే ఐదు నిమిషాల్లో ఖాళీ అవుతుంది, వెనక వచ్చినవాళ్లకు నూనె మరక కనిపిస్తుంది. మన ఇల్లాలు వరస మార్చింది. ఆరింటికి పిల్లలు డాబా ఎక్కగానే షర్బత్తు. ఆ వెనకే మరమరాల దొన్నె. ఆటలు, కేకు. కేకుతో పాటే గుగ్గిళ్లు, లడ్డు. ఆకలి మొదటి వేగం తగ్గాక, ఏడింటికి, బజ్జీలు వాయి వాయిగా పైకి వచ్చాయి. మేనత్త వేయిస్తుంటే ఆమె పెద్ద పిల్ల మోస్తోంది. అప్పటికి ఎవరికీ నాలుగు తినే ఆకలి లేదు, రెండు మాత్రం వేడివేడిగా తినాలన్న ఆశ ఉంది. ఎనభై బజ్జీలు పాతిక మందికి సరిపోవడంలో సగం కిటుకు ఈ వరసే.

ఉడికిన శనగల్ని మాత్రం డాబా మీద రాత్రి పదింటి దాకా ఉంచలేదు. వండిన తిండి బయట రెండు గంటలు దాటితే, మన ఎండాకాలంలో అయితే గంట దాటితే, సూక్ష్మజీవులు పెరిగే అవకాశం ఎక్కువ. కొబ్బరి కలిసినదైతే ఇంకా ముందే చెడుతుంది. అందుకే కొబ్బరి తురుము ఒక గిన్నెలో వేరుగా ఉంచి, దొన్నెలో పెట్టేటప్పుడు చల్లింది.

ఇక పెద్దావిడ భయం సంగతి. శనగలు, మరమరాలు పెడితే ఏమనుకుంటారో అన్న ఆ మాట ఎన్ని ఇళ్లలో ఎన్ని అప్పులు చేయించిందో చెప్పక్కర్లేదు. బేకరీ డబ్బా మీదున్న పేరే మర్యాద అనుకునే రోజులివి. కానీ ఇప్పుడు పెద్ద పెద్ద పెళ్లిళ్లకు వెళ్లి చూడండి. కల్యాణమండపంలో లైవ్ కౌంటరు అని ఒక మూల బల్ల వేసి, టోపీ పెట్టుకున్న వంటవాడు ఏం చేస్తున్నాడు? మిరపకాయ బజ్జీ కోసి ఉల్లిపాయ కూరుతున్నాడు. మరమరాలు కలుపుతున్నాడు. మొక్కజొన్న కంకులు కాలుస్తున్నాడు. దాని ముందు పట్టుచీరలు వరస కట్టి నిలబడుతున్నాయి. లక్షలు పెట్టి పెళ్లిలో కొనుక్కుంటున్నది ఈ పలహారమే అయినప్పుడు, డాబా మీద అదే పెట్టడానికి సిగ్గెందుకు? అక్కడ లేనిదల్లా టోపీ.

కాలాన్ని బట్టి గడులు మార్చుకోవచ్చు. వానాకాలంలో వేడి గడిలోకి కాల్చిన మొక్కజొన్న వస్తే నూనె ఖర్చే ఉండదు. చలికాలంలో గోదావరి వైపు తేగలు, అన్ని చోట్లా ఉడికించిన చిలగడదుంపలు దొరుకుతాయి. పిల్లలే ఎక్కువమంది ఉంటే పొడి గడిలో మొక్కజొన్న పేలాలు చాలు. వంద గ్రాముల గింజలు పెద్ద గిన్నెడు పేలాలవుతాయి. మూకుడు నిండా నూనె కాచడానికి వీల్లేని ఇళ్లలో, విదేశాల్లో పొగ అలారం మోగుతుందని జంకే తెలుగిళ్లలో, గుంత పొంగనాల పెనం బజ్జీల మూకుడికి బదులు నిలుస్తుంది. గుంటకు అర చెంచా నూనె, అంతే. బంధువులు దగ్గరలోనే ఉంటే సద్దుల పద్ధతి పాటించి, తీపి ఒకరిని, షర్బత్తు ఒకరిని తెమ్మంటే నొచ్చుకునేవాళ్లు ఎవరూ ఉండరు. ఏం తేవాలో ముందే చెప్పినందుకు సంతోషిస్తారు.

చివరిగా, కాగితం మీద రాసుకున్న నాలుగు మాటల పక్కన వేళలు కూడా వేసుకోండి. శనివారం రాత్రి శనగలు నీళ్లలోకి, లడ్డు డబ్బాలోకి. ఆదివారం పొద్దున మరమరాలు వేయించడం. నాలుగింటికి కుక్కరు. ఐదున్నరకు కూరగాయలు తరగడం, ఆరుమ్ముప్పావుకు బజ్జీల పిండి కలపడం. మీ ఇంట్లో ఈ వారంలో పుట్టినరోజు ఉంటే మిగతావి కాస్త అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చు. శనివారం రాత్రి శనగలు నానబెట్టడం మాత్రం మరచిపోకండి.